మేడ మీద సబ్ డీబీ: న్యూట్రల్, ఎర్త్ కలిపేయొచ్చా?

పర్లాకిమిడి_మేడ: సింగిల్ ఫేజు కనెక్షన్. మెయిన్ డీబీ (కరెంటు పంచే పెట్టె) కింద ఉంది, పైన కొత్తగా రెండు గదులు వేశాం, వాటికి వేరే సబ్ డీబీ పెడుతున్నాం. టన్నున్నర ఏసీ, 2 కిలోవాట్ల గీజరు, లైట్లు, ఫ్యాన్లు. కేబులు పొడవు 18 మీటర్లు. మిస్త్రీ 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) తీగ చాలంటున్నాడు. ఎర్త్ వైరు పైకి లాగక్కర్లేదట, సబ్ డీబీలో న్యూట్రల్‌కే కలిపేస్తాడట. ఒప్పుకోవచ్చా?

తీగలపని: ఒప్పుకోకండి. గీజరుకి 9 ఆంపియర్లు, ఏసీకి 8, మిగతావాటికి ఓ 5 వేసుకుంటే 22. కింద 32 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే) ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైనా షార్ట్ అయినా దానంతటదే పడిపోయే స్విచ్చు, పెట్టి, 6 స్క్వేర్ రాగి తీగ లాగండి. పైపులో వేసిన 4 స్క్వేర్‌కి 32 ఎంసీబీ పెడితే అది పడేలోపే తీగ కాగిపోతుంది. ఎర్త్ కూడా 6 స్క్వేరే, విడిగా మెయిన్ డీబీ ఎర్త్ లింకు (ఎర్త్ తీగలన్నీ బిగించే పట్టీ) నుంచి.

న్యూట్రల్, ఎర్త్ కలిపాక ఎప్పుడైనా పైకొచ్చే న్యూట్రల్ ఊడిందనుకోండి, గీజరు ఒంటికి కరెంటు వచ్చేస్తుంది. ఎంసీబీ పడదు. కుళాయి ముట్టుకున్నవాడి గతి అంతే.

గుణుపూర్_వైరింగ్: సబ్ డీబీ పెట్టె 12 వే (12 గళ్ళది) కొనండి. ఐసోలేటరుకి 2 గళ్ళు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీకి (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) 2, ఇక ఒక్కో గడి పట్టే ఎంసీబీలు నాలుగు: లైట్లకి 6 ఆంపియర్లది, ప్లగ్గులకి 16, గీజరుకి 16, ఏసీకి 20. ఇక్కడికే 8 గళ్ళు నిండిపోయాయి. ఐసోలేటరు ఉత్త స్విచ్చే, షార్ట్ అయితే పడదు. కింద కూడా 30 మిల్లీ ఆర్సీసీబీ ఉంటే పైలైను దానికి ముందు నుంచే తీయండి, లేకపోతే పైన గీజరు లీకైతే కింద ఇల్లంతా చీకటే. మంజూరైన లోడు ఎంతో బిల్లులో చూసుకోండి, 2 కిలోవాట్లే అయితే పెంచమని ముందే దరఖాస్తు పెట్టాలి.

పర్లాకిమిడి_మేడ: ఇన్వర్టరు కిందే ఉంది. పై లైట్లకి దాని ఫేజు ఒక్కటి తెస్తే చాలా?

తీగలపని: చాలదు. ఫేజు ఇన్వర్టరుది, న్యూట్రల్ పై ఆర్సీసీబీది అయితే లైటు వేయగానే ఆర్సీసీబీ పడుతుంది. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ దానికి లెక్క కుదరాలి. ఇన్వర్టరు న్యూట్రల్ కూడా పైకి లాగి, వేరే న్యూట్రల్ లింకులో బిగించండి. చాలామంది మిస్త్రీలు ఇక్కడే విసిగిపోయి ఆర్సీసీబీనే పీకేస్తారు.

గుణుపూర్_వైరింగ్: పీకనివ్వకండి. అన్నీ బిగించాక టెస్ట్ బటన్ నొక్కి చూడండి, ఠక్కున పడాలి. 6 స్క్వేర్ తీగ కొసలకి లగ్గులు (నొక్కి బిగించే లోహపు తొడుగులు) కొట్టించండి, పోగులు అలాగే దూర్చేస్తే స్క్రూ వదులై డీబీలోనే మాడుతుంది.