చిప్ వేసిన పాత ఆక్టావియా: యాక్సిల్స్ ఎంతవరకు మార్చాలి?

గుంటల బెంగళూరు:
బండి 2005 ఆక్టావియా వీఆర్‌ఎస్, 1.8 టర్బో, 5 గేర్ల 02జే గేర్‌బాక్స్. ఇంజిన్ కంప్యూటర్ రీమ్యాప్ (చిప్), ఎగ్జాస్ట్ అయ్యాక టార్క్ 210 నుంచి 290 న్యూటన్ మీటర్లకు పెరిగింది. కాయిలోవర్లతో (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్) ముందు 40 మి.మీ. దించాం. టైర్లు 205/55 ఆర్16. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (పట్టు లేని చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపేది) వేసే ఆలోచన కూడా ఉంది.

ఇబ్బందులు రెండు. ఎడమకు ఫుల్ లాక్ తిప్పి కదిలిస్తే టక టక టక. రెండో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే బండంతా వణుకు, కాలు తీయగానే మాయం. జేసీ రోడ్డులో రెడీమేడ్ షాఫ్టులు (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే యాక్సిల్స్) దొరుకుతున్నాయి. గ్యారేజీలో మాత్రం లావు షాఫ్టులు చేయించుకోమంటున్నారు. వారమంతా సిటీ, రెండు మూడు నెలలకోసారి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. ఏ దారి మేలు?

లెక్కల మాస్టారు:
లావు షాఫ్టుల మాట పక్కన పెట్టండి, ముందు లెక్క చూద్దాం. మొదటి గేర్ నిష్పత్తి 3.30, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి 3.94 అనుకుంటే (మీ గేర్‌బాక్స్ కోడ్‌తో సరిచూసుకోండి) రెండూ కలిపి 13. 290ని 13తో హెచ్చిస్తే 3,770. ఒక్కో షాఫ్ట్‌కి 1,885 న్యూటన్ మీటర్లు. కాగితం మీద భయపెట్టే అంకె. కానీ ముందు చక్రం మీద బరువు ఇంచుమించు 400 కిలోలు, చక్రం వ్యాసార్థం 0.31 మీటరు. మంచి టైరు ఎంత పట్టినా 1,200 దగ్గర జారిపోతుంది. అంతకు మించిన టార్క్ నిలకడగా షాఫ్ట్ మీద పడే అవకాశమే లేదు.

మరి షాఫ్టులు ఎందుకు విరుగుతాయంటే, టైరు జారి, మళ్లీ పట్టుకుని, మళ్లీ జారి చక్రం ఎగిరెగిరి పడటం వల్ల. పట్టుకున్న ప్రతిసారీ అది సుత్తి దెబ్బే. దానికి మందు షాఫ్ట్‌లో లేదు. గేర్‌బాక్స్ కింది టార్క్ మౌంట్ (ఇంజిన్ ఊగకుండా పట్టేది), కంట్రోల్ ఆర్మ్ వెనక రబ్బరు బుష్‌లు చూడండి. ఇరవై ఏళ్ల రబ్బరు కదా, పగిలే ఉంటుంది. మీ వణుకులో కొంత భాగం అక్కడిదే కావచ్చు.

లిమిటెడ్ స్లిప్ వేస్తే మాత్రం లెక్క మారుతుంది. మలుపులో బయటి చక్రం మీద బరువు 550 కిలోలు దాటొచ్చు. టార్క్ సగం సగం కాకుండా అటే మొగ్గుతుంది. అప్పుడు ఒక్క షాఫ్టే 1,650 పైన మోయాలి.

పానా పట్టినోడు:
గుర్తులు రెండు వేర్వేరు జాయింట్లవి, కలపొద్దు. లాక్‌లో టకటక అంటే బయటి సీవీ జాయింట్ (షాఫ్ట్‌కి చక్రం వైపు చివర, కోణంలోనూ తిరిగే బాల్స్ జాయింట్). ఎడమకు తిప్పినప్పుడు వస్తోంది కాబట్టి ముందు కుడి వైపుది అనుమానించండి. తొక్కితే వణుకు, వదిలితే మాయం అంటే గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింట్. బండి దించాక షాఫ్ట్ కోణం మారి, బాల్స్ గాడిలో కొత్త చోట తిరుగుతాయి. పాత గాడి, కొత్త గాడి కలిసేచోట గట్టు కడుతుంది. వేలిగోరుతో గీస్తే తగులుతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద ఫుల్ లాక్‌లో ఎక్కించడం బయటి జాయింట్‌కి ట్రాక్ కన్నా పెద్ద శిక్ష.

విప్పి చూడండి. లోపలి ఫ్లాంజ్ (జాయింట్‌ని గేర్‌బాక్స్‌కి బిగించే పళ్లెం) 100 మి.మీ. అయితే 6 ఎం8 బోల్టులుంటాయి, తలలో పన్నెండు పళ్ల గుంట. ఆ గుంటలో మట్టి, గ్రీజు పిన్నుతో తవ్వి తీశాకే బిట్ సుత్తితో దిగ్గొట్టండి. లేదంటే పళ్లు అరిగిపోయి సగం రోజు ఆ ఒక్క బోల్టుకే పోతుంది. సాధారణ టార్క్స్ బిట్ పెట్టొద్దు. సరైనది ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది.

100 నుంచి 108 మి.మీ.కి వెళ్లాలంటే జాయింట్ ఒక్కటి మారిస్తే చాలదు. గేర్‌బాక్స్ ఫ్లాంజులు, వాటి ఆయిల్ సీళ్లు, ఎం10 బోల్టులు, షాఫ్టులు అన్నీ సెట్టుగా రావాలి. సిటీకి, అప్పుడప్పుడు ట్రాక్‌కి 290 దగ్గర నాణ్యమైన 100 మి.మీ. చాలు. లిమిటెడ్ స్లిప్ వేసేరోజు ఎలాగూ గేర్‌బాక్స్ దిగుతుంది, 108 అప్పుడే చేయండి.

ఇంకోటి. 02జేలో అసలు బలహీనత డిఫరెన్షియల్ క్రౌన్ వీల్‌ని (పెద్ద గేరు చక్రం) పట్టుకున్న రివెట్లు. అవి తెగితే ముక్కలు కేసింగ్‌నే పగలగొడతాయి. రివెట్ల చోట బోల్టులు వేయించకుండా షాఫ్టులు మాత్రం గట్టివి వేస్తే, చవకగా విరగాల్సిన చోటు వదిలేసి ఖరీదైన చోట విరుగుతుంది.

పీణ్యా లేత్:
చేయించుకునే దారికి నాలుగు మాటలు. షాఫ్ట్ బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 25 మి.మీ.ని 28 చేస్తే 40 శాతం ఎక్కువ. అదే 1,885 టార్క్ దగ్గర 25లో ఒత్తిడి 614 మెగాపాస్కల్స్, 28లో 437. అందుకే అందరూ లావు చేయమంటారు. కానీ విరిగేది నడుమ కాదు. స్ప్లైన్ (షాఫ్ట్ చివరి పళ్ల గాళ్లు) ముగిసేచోట, సర్‌క్లిప్ (జారకుండా పట్టే రింగు) గాడి దగ్గర. అక్కడ మొన మిగిలితే 28 అయినా అంతే.

మెటీరియల్ ఈఎన్24 (ఒక రకం మిశ్రమ ఉక్కు) చాలు. కానీ హార్డెనింగ్, టెంపరింగ్ అయ్యాక హార్డ్‌నెస్ రిపోర్టు చేతికి తీసుకోండి. నడుమ భాగం స్ప్లైన్ అడుగు వ్యాసం కన్నా కాస్త సన్నగా టర్న్ చేయించండి. అప్పుడు మెలిక పొడవంతా పంచుకుని షాఫ్ట్ స్ప్రింగులా దెబ్బ తింటుంది, స్ప్లైన్ బతుకుతుంది. రెండు పాత షాఫ్టులు కోసి వెల్డింగ్ చేసిస్తామంటే మాత్రం బండి తీసుకుని వచ్చేయండి. గట్టిపరిచిన ఉక్కు వెల్డింగ్ పక్కనే పెళుసెక్కుతుంది.

గుంటల బెంగళూరు:
అన్నలూ, విప్పించాను. కుడి బయటి జాయింట్ బూట్ (రబ్బరు తొడుగు) మడతలో చీలిక, లోపల గ్రీజు ఎండి ఎర్ర పొడి. లోపలి జాయింట్ గాడిలో గట్టు గోరుకి తగిలింది. టార్క్ మౌంట్ రబ్బరు రెండు ముక్కలు. ఫ్లాంజ్ 100 మి.మీ. కాబట్టి రెండు వైపులా పూర్తి షాఫ్టులు, మౌంట్ మార్చి, డిఫరెన్షియల్ తర్వాత చూస్తాను. బిగించేటప్పుడు ఏం గమనించాలి?

పానా పట్టినోడు:
కొత్త షాఫ్ట్ పాతదాని పక్కన నేల మీద పడుకోబెట్టండి. పొడవు, స్ప్లైన్ల సంఖ్య, బయటి జాయింట్ మీద ఏబీఎస్ పళ్ల చక్రం ఉందా లేదా, మూడూ కలవాలి. బాల్ జాయింట్ విప్పేముందు దాని బోల్టుల స్థానం గీతతో గుర్తు పెట్టండి. రంధ్రాలు కోలగా ఉంటాయి, జరిగితే క్యాంబర్ (చక్రం వాలు) పోతుంది.

ఫ్లాంజ్ ముఖం, జాయింట్ ముఖం బ్రేక్ క్లీనర్‌తో పొడిగా తుడవాలి. టార్క్ మోసేది ఆ రెండు ముఖాల మధ్య రాపిడే. గ్రీజు మిగిలితే బోల్టులు అడ్డంగా కోసుకుపోతాయి. బోల్టులు కొత్తవి, ఎదురెదురుగా, 40 న్యూటన్ మీటర్లు. వంద కిలోమీటర్లకి ఒకసారి మళ్లీ చూడండి.

గ్రీజు ప్యాకెట్ మొత్తం వాడాలి, కొంత జాయింట్‌లోకి, మిగతాది బూట్‌లోకి. మాలిబ్డినం ఉన్నదే. బూట్ క్లిప్ బిగించేముందు చిన్న స్క్రూడ్రైవర్ దూర్చి గాలి వదలండి, లేకపోతే బూట్ లోపలికి పీల్చుకుని మళ్లీ అక్కడే చీలుతుంది. ప్లాస్టిక్ టై కడతామంటే ఒప్పుకోవద్దు.

హబ్ నట్ కొత్తది. షడ్భుజి నట్‌కి ఒక టార్క్, పన్నెండు పళ్ల నట్‌కి మరొకటి. మాన్యువల్‌లో మీ నట్ బొమ్మ చూసి అంకె తీసుకోండి. నట్ బిగించకుండా బండిని అటూ ఇటూ నెట్టొద్దు, బేరింగ్ పోతుంది.

లెక్కల మాస్టారు:
మౌంట్‌కి గట్టి పాలీయురేథేన్ బుష్ వేస్తారేమో, రెండు బుష్‌లూ కాకుండా సబ్‌ఫ్రేమ్ (ముందు చట్రం) వైపుది మాత్రం వేయండి. రెండూ వేస్తే సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో డాష్‌బోర్డు కూడా పళ్లు కొరుకుతుంది.