అప్‌డేట్: దిబ్బరొట్టె ఈసారి మధ్యలో కూడా ఉడికింది

దిబ్బరొట్టె అడుగు మాడుతోంది, మధ్యలో పచ్చిగా ఉంటోందని పోయిన వారం అడిగాను కదా. పిండి జారుగా ఉంది, మంట ఎక్కువైందని చెప్పారు. రెండూ నిజమే!

ఈరోజు గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ తీసుకున్నాను. నానిన రవ్వని గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో కలిపాను. జీలకర్ర, ఉప్పు, అంతే. ఇనుప మూకుడులో నువ్వుల నూనె వేసి, పిండి రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు కదపలేదు. అంచులు ఎర్రబడి మూకుడుని వదిలాయి. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. తిప్పి ఇంకో ఎనిమిది నిమిషాలు ఉంచాను.

పైన కరకర, లోపల దూదిలా మెత్తగా! విజయనగరంలో మా అమ్మ చేసే రొట్టె ఇదే. బెల్లం పాకంతో పిల్లలు రెండేసి ముక్కలు తిన్నారు. అందరికీ థాంక్సండీ.