ఆర్డర్ ఫారానికి క్యాప్చా పెట్టాలా, వద్దా?

ఆవకాయ_బజార్: మాది పచ్చళ్ల వ్యాపారం, చిన్న సైటు. ఎంక్వైరీ ఫారం నిండా రోజూ లోన్లు, క్యాసినో లింకులే. వాటి మధ్య అసలు ఆర్డర్లు కొట్టుకుపోతున్నాయి. సైటు చేసిన అబ్బాయి క్యాప్చా (ఫారం నింపేది మనిషో కాదో తేల్చే చిన్న పరీక్ష) పెడదామంటున్నాడు, మా ఆవిడ వద్దే వద్దంటోంది. మీరేమంటారు?

రాత్రి_షిఫ్ట్: పెట్టెయ్యండి సార్. గూగుల్ 2009లో రీక్యాప్చా అనే క్యాప్చా సర్వీసును కొన్నప్పటి నుంచి సగం ప్రపంచం వాడుతున్నదే కదా. చిన్న సైటుకి ఖర్చు కూడా ఉండదు.

కోనసీమ_కోడర్: నేనొప్పుకోను. "ఫైర్ హైడ్రెంట్లున్న బొమ్మలు నొక్కండి" అంటే అమలాపురంలో పెద్దావిడ ఏం నొక్కుతుంది? మంటలార్పే ఆ నీటి కొళాయిలు మన వీధుల్లో ఎక్కడున్నాయి? పోనీ బాట్లు (వాటంతటవే ఫారాలు నింపే ప్రోగ్రాములు) ఆగుతాయా అంటే, 2023లో కాలిఫోర్నియా యూనివర్సిటీ (అర్వైన్) పరిశోధకులు పోల్చి చూస్తే మనుషులకన్నా బాట్లే త్వరగా, తక్కువ తప్పులతో క్యాప్చాలు చేసేస్తున్నాయని తేలింది. పైగా డబ్బులిస్తే మనుషుల చేత క్యాప్చాలు పూర్తి చేయించే సర్వీసులూ ఉన్నాయి.

ఫారంలో కంటికి కనపడని గడి ఒకటి పెట్టండి. బాట్ దొరికిన గడినల్లా నింపుతుంది. అది నిండి వచ్చిందంటే స్పామే. పేజీ తెరిచిన రెండు సెకన్లలో ఫారం వచ్చేసినా అనుమానించాల్సిందే.

రాత్రి_షిఫ్ట్: పాత చిట్కా బ్రదర్. మా క్లయింట్ ఒకాయన దాచిన గడికి "ఫోన్ 2" అని పేరు పెట్టాడు. బ్రౌజర్ ఆటోఫిల్ దాన్ని చక్కగా నింపేసింది. నిజమైన ఎంక్వైరీలన్నీ చెత్తబుట్టలోకి! నెలాఖరుకి గానీ తెలియలేదు.

కోనసీమ_కోడర్: ఆ పేరు పెడితే నింపక ఏం చేస్తుంది? ఆ గడికి ఆటోఫిల్ ఆపాలి, ట్యాబ్ నొక్కినా కర్సర్ అక్కడికి వెళ్లకూడదు, చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవకూడదు. అనుమానం వచ్చినవాటిని డిలీట్ చెయ్యకుండా పక్క ఫోల్డర్‌లో వెయ్యాలి.

తెల్ల_కర్ర: స్క్రీన్ రీడర్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. నాకు చూపు లేదు. బొమ్మల క్యాప్చా వస్తే ఆడియో నొక్కుకోవాలి, గరగర మధ్యలో ఇంగ్లీషు మాటలు పట్టుకుని టైప్ చెయ్యాలి. గోంగూర పచ్చడి కోసం అంత అవస్థ పడను, వేరే కొట్టుకి ఫోన్ చేస్తా.

రాత్రి_షిఫ్ట్: సరే, బొమ్మలు వద్దు. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వాళ్లు క్యాప్చాకి బదులుగా 2022లో తెచ్చిన టర్న్‌స్టైల్ ఉంది. చాలామందిని ఏ ప్రశ్నా అడగదు, మహా అయితే ఒక టిక్కు. దాచిన గడి ఎంతోకాలం కాయదు, మీ ఫారాన్నే గురిపెట్టినవాడు దాన్ని ఇట్టే కనిపెట్టేస్తాడు.

కోనసీమ_కోడర్: పచ్చళ్ల ఫారాన్ని గురిపెట్టేంత ఓపిక ఎవడికుంది? దొరికిన ప్రతి ఫారాన్నీ నింపుకుంటూ పోయే బాట్లే ఇవన్నీ.

ఆవకాయ_బజార్: ముందు గడి పెట్టిస్తా. అప్పటికీ ఆగకపోతే టర్న్‌స్టైల్. అన్నట్టు, లింకున్న మెసేజీలన్నీ ఆపేస్తే? పచ్చడి కావాలనేవాళ్లకి లింకుతో పనేముంది?

తెల్ల_కర్ర: ఇంటి అడ్రస్‌కి బదులు మ్యాప్ లొకేషన్ పంపేవాళ్లుంటారండీ, నాలాగా. అదొక్కటీ రానివ్వండి.