అవర్ సిస్టర్స్‌ని తెలుగులో ఏమనాలి?

అమెరికాలోని బోస్టన్ నల్లజాతి స్త్రీల బృందం కాంబహీ రివర్ కలెక్టివ్ 1977లో రాసిన రాజకీయ ప్రకటనను మా మహిళా బృందం కోసం తెలుగు చేస్తున్నాను. 1863లో, తానూ బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన హారియెట్ టబ్‌మన్ దారి చూపగా 700 మందికి పైగా బానిసలకు విముక్తి దొరికిన నది పేరు కాంబహీ. అంత బరువున్న పేరు పెట్టుకున్నవాళ్ల మాట తేలిపోకూడదు.

‘అవర్ సిస్టర్స్’ దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాను. ‘సోదరీమణులు’ అంటే మైకు ముందు ఉపన్యాసంలా ఉంది. ‘తోబుట్టువులు’ అంటే మగవాళ్లూ వస్తారు. ‘అక్కచెల్లెళ్లు’ అని చదివి వినిపిస్తే, “ఎవరి అక్కచెల్లెళ్లు?” అని ఇద్దరు అడిగారు. ‘సిస్టర్స్’ అనే ఉంచితే ఒకావిడకు ఆసుపత్రి నర్సులు గుర్తొచ్చారట.

రక్తసంబంధం, చిన్నాపెద్దా తేడా లేకుండా, కలిసి పోరాడే ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాట మీ ఊళ్లో, మీ సంఘంలో ఏముంది?