బీకామ్ తర్వాత యూకేలో కంప్యూటర్స్ కన్వర్షన్ ఎంఎస్సీ: చేసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. నాది ఇంటర్ సీఈసీ, తర్వాత బీకామ్. గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాను. కొనుగోలు బిల్లులు జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బీ స్టేట్‌మెంట్‌తో సరిచూడటానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. ఐసెట్ రాసి ఎంసీఏ చేద్దామంటే ఇంటర్‌లోగానీ డిగ్రీలోగానీ నాకు మ్యాథ్స్ లేదు.

బ్రిస్టల్, బర్మింగ్‌హామ్‌లలో వేరే సబ్జెక్టు చదివినవాళ్ల కోసమే ఏడాది కన్వర్షన్ ఎంఎస్సీ ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు సీటు గ్యారంటీ అంటారు, ఉద్యోగం సంగతి అడిగితే మాట మార్చేస్తారు! ఆ ఏడాదిలో డేటా స్ట్రక్చర్స్ నిజంగా ఒంటబడతాయా? 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే కదా, ఆలోపు ఉద్యోగం దొరుకుతుందా? తిరిగి హైదరాబాద్ వస్తే బీటెక్ లేదని పక్కన పెట్టేస్తారా? నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు, నాకు అదే టెన్షన్.