లేత్ మీద తిప్పిన గిన్నెకి, ఉలితో చెక్కిన గరుత్మంతుడికి ఒకే బహుమతా?

కాలవగట్టు (అంబాజీపేట):
మా ఊళ్ళో సంక్రాంతికి కుర్రాళ్ళు చేతిపనుల పోటీ పెట్టారు. కొయ్యపనుల్లో మొదటి బహుమతి ఒక పనస గిన్నెకి వెళ్ళింది. జానెడు వెడల్పు, అంచు కొబ్బరిచిప్ప మందం. రెండోది వేప చెక్కలో చెక్కిన గరుత్మంతుడికి. అది చెక్కిన మేస్త్రీ గారు ఇరవై రోజులు కూర్చున్నారు. లేత్ మీద, అంటే చెక్కని గిరగిరా తిప్పే మిషన్ మీద, గిన్నె తిప్పిన కుర్రాడేమో ఒక్క పూటలో అయిపోయిందని తనే చెప్పాడు. మార్కులు వేసిన ముగ్గురిలో నేనొకణ్ణి, గిన్నెకే వేశాను. అప్పటినుంచి మేస్త్రీ గారు టీ కొట్టు దగ్గర ఎదురైతే తల తిప్పేసుకుంటున్నారు. ఆయన అడిగింది ఒకటే: "మోటారు తిప్పినదాన్నీ చెయ్యి చెక్కినదాన్నీ ఒకే బల్ల మీద పెడతారా?" నేను చేసింది తప్పంటారా?

గోరుఉలి:
తప్పే అండి. లేత్‌కి బిగించి చెక్క తిప్పితే గుండ్రం దానంతటదే వస్తుంది. మీరు మెచ్చుకున్న ఆ గుండ్రంలో సగం మోటారుది. గరుత్మంతుడి రెక్క చెక్కి చూడండి తెలుస్తుంది. ఒక ఈకకి నార, అంటే చెక్కలో పీచు సాగే దిక్కు, అనుకూలంగా ఉంటుంది, పక్క ఈకకి ఎదురు. ఒకే వైపునుంచి ఉలి నడిపితే రెండో ఈక చీలిపోయి చేతికొస్తుంది. ఈక ఈకకీ చెక్క తిప్పుకోవాలి, లేదా మనమే అటు వెళ్ళి కూర్చోవాలి. ఇక గుండ్రమే గొప్పంటారా, బొబ్బిలి వీణ కుండ గుండ్రం కాదా? ఒకే పనస దుంగలోంచి చేత్తో తొలుస్తారు. దాన్ని ఏ లేత్ తిప్పింది?

వరాహ ఒడ్డు:
మా అమ్మమ్మగారిది ఏటికొప్పాక, ఉద్యోగం మీ రాజమండ్రిలో. గోరుఉలి గారి మాట ప్రకారం మా ఊరంతా మోటారు పక్కన నిలబడి చూసే జనం అన్నమాట! ఏటికొప్పాక బొమ్మలన్నీ లేత్ మీద పుట్టినవే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటికే. సహజ రంగులు మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

మోటారు ఏం చేస్తుందో ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. కొంచెం గట్టిగా ఆనిస్తే మరకలు కట్టేస్తుంది, తేలిగ్గా ఆనిస్తే పట్టుకోదు. ఆ తరవాత మొగలి ఆకు మడిచి ఒత్తిపెడితే అద్దంలా మెరుస్తుంది. ఎంత ఒత్తాలో మోటారుకి ఏం తెలుసు? మీ కోనసీమలో కాలవల పక్కన మొగలి పొదలు బోలెడు, పాములుంటాయని అటు వెళ్ళరు గానీ.

గోరుఉలి:
ఏటికొప్పాక పని చిన్నదని నేను అన్లేదు. అది వేరే విద్య అన్నాను. కొండపల్లి వాళ్ళు తెల్లపొణికి అనే తేలిక కర్రలో ఒంటినీ చేతుల్నీ విడివిడిగా చెక్కి మక్కు అనే ముద్దతో అతికిస్తారు. వాళ్ళనీ ఏటికొప్పాక వాళ్ళనీ పక్కపక్కన కూర్చోబెట్టి నీకు ఫస్టు, నీకు సెకండు అని ఎవరైనా ఇస్తారా?

పెరవలి ఆడపడుచు:
మోటారు మోటారు అంటున్నారు కాబట్టి చెబుతున్నా. మా నాన్న మంచం కోళ్ళకి తరిణె పట్టేవారు, అంటే లేత్ పనే, కరెంటు లేకుండా. పాతిన రెండు గుంజలకి ఇనప మొనలు, వాటి మధ్య కర్ర, కర్రకి రెండు చుట్లు తాడు. ఎదురుగా కూర్చుని ఆ తాడు లాగేది మా అమ్మ. కుడిచేత్తో లాగితే కర్ర నాన్నవైపు తిరిగేది, అప్పుడే ఉలి ఆనించాలి. ఎడంచేత్తో లాగితే వెనక్కి తిరిగేది, అప్పుడు ఉలి వెంట్రుకవాసి ఎత్తాలి. ఎత్తకపోతే కర్ర చెడిపోతుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. అమ్మకి దగ్గు వస్తే చాలు, నాన్న ఉలి తీసేసేవారు. నాలుగు కోళ్ళూ ఒకేలా రావడానికి తాటాకు ముక్క మీద గాట్లు పెట్టుకునేవారు, ఇంకే కొలతా లేదు.

ఆ మంచం మీదే మేమంతా పుట్టాం. నాన్నని అందరూ పనివాడు అనేవారు. అమ్మని ఎవరూ ఏమీ అనలేదు, తాడు లాగడం ఇంటిపనిలో కలిపేశారు. గరుత్మంతుడి మేస్త్రీ గారి బాధ నాకు అర్థమవుతుంది గానీ, తిప్పిన పనికి విలువ లేదంటే మాత్రం నేను ఊరుకోను.

లంకలో మావయ్య:
మీరంతా మీలో మీరు కొట్టుకుంటున్నారు, అసలు దొంగ పక్కనుంచి వెళ్ళిపోతున్నాడు. మొన్న ఇల్లు కట్టాను. సింహద్వారం టేకుది, గజలక్ష్మి బొమ్మ. షాపు పేరు ఎందుకులెండి, "చేతిపనే సార్" అన్నాడు, ఆ రేటే తీసుకున్నాడు. గృహప్రవేశానికి తమ్ముడి వియ్యంకుడు వచ్చి తలుపు తడిమి, "మా వీధిలోనూ ఇదే లక్ష్మి" అన్నాడు. వెళ్ళి చూశాను. అదే బొమ్మ. ఎడమవైపు ఏనుగు చెవి కొస దగ్గర చిన్న విరుపు ఉంది నా తలుపుకి. వాళ్ళ తలుపుకీ అక్కడే, అంతే విరుపు! కంప్యూటర్ మిషన్‌లో ఎక్కించిన బొమ్మలోనే ఆ విరుపు ఉందన్నమాట. పైపెచ్చు, మొదటి ముసురుకే ఉబ్బి బిగుసుకుపోయింది, భుజంతో నెట్టి తీస్తున్నాం.

గోరుఉలి:
మావయ్య గారూ, నా భయం కూడా అదేనండి. ఇవాళ మోటారు తిప్పింది ఉలితో చెక్కినదానితో సమానం అంటే, రేపు మీ షాపువాడు ఆ లక్ష్మినే తెచ్చి పోటీలో పెడతాడు. అప్పుడేమంటారు?

పెరవలి ఆడపడుచు:
చాలా తేడా ఉంది తమ్ముడూ. లేత్ మీద ఉలి పట్టింది చెయ్యే. అది జారితే నాలుగు రోజుల పని ఒక్క క్షణంలో పోతుంది. ఆ కంప్యూటర్ మిషన్‌కి మనిషి బొమ్మ ఎక్కించి టీకి వెళ్ళొచ్చు.

లంకలో మావయ్య:
ఇంకో మాట. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోతే జిల్లా అంతా ఏడిచింది. నలభై అడుగుల టేకు రథం. 2021 ఫిబ్రవరికల్లా కొత్తది లేచింది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో ఏది చెక్కిందీ ఏది తిప్పిందీ అని అడిగినవాడు ఒక్కడున్నాడా?

గోరుఉలి:
రథం పోటీకి రాలేదు కదండీ.

పనసచెక్క:
నమస్కారం అండి. ఆ గిన్నె నాదే. ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. ఒక్క పూట అన్నది నేనే, టెన్షన్‌లో సగమే చెప్పాను. ఆ పూట చేసింది ఆఖరి పని.

మా పెరట్లో గాలివానకి పనస చెట్టు పడిపోయింది. పచ్చిదుంగలోంచి ఆరు గిన్నెలు ముతగ్గా తిప్పాను, అంగుళం మందంలో. దుంగ నట్టనడుమ గుండె ఉన్న భాగం వదిలెయ్యమన్నారు పెద్దలు. నేను ఆశపడి రెంటిలో ఉంచాను. అవి వారం తిరక్కుండానే నక్షత్రంలా పగిలాయి. కలప ఎండేటప్పుడు వలయాల వెంబడి ఎక్కువ ముడుచుకుని లాగుతుంది, గుండెనుంచి బెరడు వైపు అందులో సగం. ఆ రెండు లాగుళ్ళ మధ్య గుండె దగ్గర బీట పడుతుంది. మిగతా నాలుగింటికి కోసిన అంచుల మీద మైనం పూసి, పేపర్లో చుట్టి మంచం కింద పెట్టాను. మూడు నెలలయ్యాక తీస్తే అన్నీ కోడిగుడ్డు ఆకారంలోకి వంకర తిరిగాయి. మళ్ళీ లేత్‌కి బిగించి గుండ్రం చేస్తుంటే రెండింటికి అడుగున చిల్లులు పడ్డాయి. ఒకటి అమ్మ పోపుల డబ్బా పక్కన పెట్టుకుంది. చివరిది మీరు చూసింది.

గోరుఉలి గారూ, ఒకసారి కొబ్బరి మొద్దు లేత్‌కి ఎక్కించి చూడండి. అంచు ఇనుమంత గట్టి, లోపల పీచు. ఒక్క చుట్టులోనే ఉలికి రెండు చెక్కలు తగులుతాయి, వాడి అయిదు నిమిషాల్లో పోతుంది. గుండ్రం దానంతటదే రాదండి.

గరుత్మంతుడు నాకు రాదు. అది కూడా నిజమే.

కాలవగట్టు:
గిన్నె బాబు దగ్గర అడిగి తీసుకుని నిన్న సాయంత్రం మేస్త్రీ గారింటికి వెళ్ళాను. మాట్లాడకుండానే చేతిలోకి తీసుకున్నారు. పైకి చూడలేదు, తిరగేసి అడుగు చూశారు. లేత్‌కి బిగించిన చోటు చదును చేశాడా లేదా అని కాబోలు. బొటనవేలితో రాసి, "ఇక్కడ గీతలున్నాయి. గరుకు కాగితం సరిగ్గా పట్టలేదు" అన్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. వచ్చే ఏడు రెండు బల్లలు వెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు.

గోరుఉలి:
మరి మార్కులు వేసినప్పుడు ముగ్గురిలో ఒక్కరైనా గిన్నె తిరగేసి చూశారా అండి?

కాలవగట్టు:
లేదండి.