స్టీల్ పాన్‌లో గుడ్డు మధ్యలోనే అంటుకుంటోంది, ఏం చేయాలి?

మందపాటి అడుగున్న స్టీల్ పాన్, గ్యాస్ స్టవ్. కూరగాయలు బాగానే వేగుతున్నాయి. గుడ్డు మాత్రం కొట్టి వేసిన వెంటనే అడుగున పట్టేస్తోంది, అట్లకాడ పెడితే సొన చితికిపోతోంది. విచిత్రమేంటంటే అంచులు తేలిగ్గానే లేస్తాయి, మధ్యలోనే అంటుతుంది.

మీడియం మంట మీద 3 నిమిషాలు ఖాళీ పాన్ వేడిచేస్తున్నాను. నీటి చుక్క వేస్తే పూసలా దొర్లుతుంది. అప్పుడు 2 చెంచాల నూనె, వెంటనే గుడ్డు. గుడ్డును ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచాను, వెనిగర్‌తో పాన్ మచ్చలు పోగొట్టాను. వెన్న కూడా వేసి చూశాను, అది నల్లగా మాడింది, అంతే. నాన్‌స్టిక్ కొనమని మాత్రం చెప్పకండి ప్లీజ్!

నీటి చుక్క దొర్లే వేడి గుడ్డుకు మరీ ఎక్కువేమోనని నా అనుమానం. అలా అయితే, ఆ తర్వాత మంట తగ్గించి ఎంతసేపు ఆగి గుడ్డు వేయాలి?